కాల్చే బటన్ లేని ఆట: ప్రాజెక్టు డైరీ

మే 11, 2025

నిన్న సాయంత్రం భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పుల విరమణ అని చెప్పారు. నాలుగు రోజులుగా షాపులో పని సగానికి సగం పడిపోయింది. గాంధీ రోడ్డులో మా డీటీపీ షాపుకి పెళ్లి కార్డు ప్రూఫు దిద్దుకోవడానికి వచ్చినవాళ్లు కూడా కార్డు పక్కన పెట్టేసి ఫోన్లో క్షిపణులు చూస్తూ కూర్చున్నారు, ఒకాయనైతే ముహూర్తం తప్పు పడిందని కూడా చూడకుండా సంతకం పెట్టి వెళ్లిపోయాడు (మళ్లీ ఫోన్ చేసి పిలిపించాను). అక్క కొడుకు సెలవులకు మా ఇంట్లోనే ఉన్నాడు. "మామా, గేములు చేస్తా చేస్తా అంటావు గదా, ఇది చెయ్యి చూద్దాం" అన్నాడు. సరే అని రాత్రి పదకొండుకు కూర్చుంటే తెల్లవారుజామున నాలుగుకి ఆడుకునే స్థితికి వచ్చింది.

వాడింది గోడో 4 అనే గేములు చేసే సాఫ్ట్‌వేర్. ఉచితం, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. నమూనా మాత్రం నాది కాదు, 1980లో అటారీ వాళ్లు తెచ్చిన మిస్సైల్ కమాండ్‌ది. కింద ఆరు నగరాలు, పైనుంచి గీతలు గీసుకుంటూ దిగే క్షిపణులు, వాటిని గాల్లోనే పేల్చాలి. నేను చేసిందల్లా నగరాలకు మన పేర్లు పెట్టి, అటొక జెండా, ఇటొక జెండా పాతడమే.

మే 14

అక్క కొడుకు మూడు రోజుల్లో ఎన్నిసార్లు ఆడాడో లెక్క లేదు. వీధిలో పిల్లలందరికీ ఫైలు పంపించాడు. హైస్కోరు మీద గొడవలు కూడా అయ్యాయి. నాకు మొదట సంతోషంగానే ఉంది, నా ఆటను ఇంతమంది ఆడటం ఇదే మొదటిసారి.

కానీ ఒకటి గమనించాను. పాత ఆటలో గెలుపు అనేది లేదు. ఎంత బాగా ఆడినా క్షిపణులు వస్తూనే ఉంటాయి, చివరికి ఆరు నగరాలూ పోతాయి, తెర మీద 'ది ఎండ్' అని పడుతుంది. అంతే, ఇంకో మాట ఉండదు. అణుయుద్ధం భయం మధ్య బతికిన కాలంలో అది చెప్పాల్సింది అదే. నేనేమో వాడు ఏడుస్తున్నాడని పది విడతల క్షిపణుల తర్వాత 'విజయం' అని పెట్టాను, టపాకాయల శబ్దం కూడా కలిపాను. ఆ ఒక్క లైను మార్పుతో ఆట అర్థమే తిరగబడింది. యుద్ధం మీద ఏదో చెబుదామని కూర్చున్నవాణ్ని టపాకాయల కొట్టు పెట్టుకున్నాను.

మే 18

ఆదివారం, షాపు లేదు. 2003లో గొంజాలో ఫ్రాస్కా అనే ఉరుగ్వే ఆయన చేసిన 'సెప్టెంబర్ 12' గురించి మళ్లీ చదివాను. ఎడారి ఊరు, జనం తిరుగుతుంటారు, వాళ్ల మధ్య అక్కడక్కడా ఉగ్రవాదులు. మీ దగ్గర క్షిపణి ఉంది, గురి పెట్టి నొక్కడమే. కానీ నొక్కిన వెంటనే పడదు, కాస్త ఆలస్యంగా పడుతుంది, ఈలోపు మనుషులు కదిలిపోతారు, పక్కన ఉన్న మామూలు జనం చస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు శవాల దగ్గర ఏడుస్తారు, ఏడ్చి ఏడ్చి వాళ్లలో కొందరు ఉగ్రవాదులవుతారు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆడుతున్నప్పుడు ఉపన్యాసం ఏమీ వినిపించదు, ఆ ఆలస్యం, ఆ ఏడుపు, ఆ మార్పు, ఈ మూడు నియమాలే మాట్లాడతాయి.

అది చదువుతుంటే నాకు పులి-మేక గుర్తొచ్చింది. చిన్నప్పుడు గుడి మంటపం బండల మీద గీసిన గళ్లలో చింతగింజలు పెట్టుకుని ఆడేవాళ్లం. మా ఊళ్లో మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను చంపగలదు. మేకకు చంపడం అనేదే లేదు, అది చేయగలిగిందల్లా పోయి పక్క గడిలో నిలబడటం. పులి దూకాలంటే మేక వెనక గడి ఖాళీగా ఉండాలి కాబట్టి, అన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులికి కదలడానికి చోటుండదు. ఒకే పలక మీద ఇద్దరికి రెండు రకాల చేతులిచ్చిన ఆట అది. దేశాల గొడవల మీద దీనికన్నా సూటి ఆట మనవాళ్లు గీసి పెట్టుకున్నారు, నేనేమో అటారీ దాకా పోయాను.

కాబట్టి తేల్చుకున్నది: ఈసారి ఆడేవాడికి కాల్చే బటన్ ఇవ్వను. జెండాలు కూడా తీసేస్తున్నాను.

మే 25

బటన్ ఇవ్వకపోతే మరి ఏం చేయాలి అన్నదానికి వారం పట్టింది. జవాబు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసే స్నేహితుడి దగ్గర దొరికింది, అదీ టీ తాగుతూ. "పోయినేడు డ్రమ్ములు ఇంకా గోడౌన్‌లోనే ఉండాయిరా" అన్నాడు. ఎందుకని అడిగితే మొదటి మాటే ఎర్ర సముద్రం అన్నాడు.

తోతాపురి గుజ్జు స్టెరిలైజ్ చేసి సంచిలో నింపి స్టీలు డ్రమ్ములో పెడతారు. డ్రమ్ముకు 215 కిలోలు. ఇరవై అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు పడతాయి, అంటే 17 టన్నుల పైన. చెన్నై రేవులో ఎక్కి, శ్రీలంక చుట్టి, అరేబియా సముద్రం దాటి, బాబ్ ఎల్ మందెబ్ జలసంధిలో దూరి, ఎర్ర సముద్రం, సూయెజ్, అక్కడినుంచి యూరప్. 2023 నవంబర్ 19న యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నాక ఆ దారి పాడైంది. గాజా యుద్ధానికి ఇది మా జవాబు అన్నారు వాళ్లు. పెద్ద కంపెనీల ఓడలన్నీ ఆఫ్రికా కింద కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి పోవడం మొదలుపెట్టాయి, పది పద్నాలుగు రోజులు ఎక్కువ. సూయెజ్ కాలువకు 2023లో వెయ్యి కోట్ల డాలర్ల పైన ఆదాయం వస్తే 2024లో 400 కోట్లకు పడిపోయింది.

బాబ్ ఎల్ మందెబ్ అంటే అరబ్బీలో కన్నీటి ద్వారం అట. ఆ పేరు ఆటకు పెడదామా అనుకుని, వద్దులే, మరీ నాటకంలా ఉంటుందని ఊరుకున్నాను. ఫైలు పేరు ప్రస్తుతానికి 'డ్రమ్ము'.

జూన్ 4

వెర్షన్ 0.3. తెర మీద ఒకటే మ్యాపు. ఒక సెకను అంటే ఒక రోజు. మీరు ఒక కంటైనర్, మీ మీద అప్పు ఉంది, రోజుకింత వడ్డీ. బటన్లు మూడు: పో, ఆగు, చుట్టు తిరుగు. జలసంధి దగ్గరికి వచ్చాక ప్రమాదం అంకె కనిపిస్తుంది, అది పెరిగేకొద్దీ బీమా పెరుగుతుంది. నిజంలోనూ 2024 మొదట్లో ఆ దారిలో పోయే ఓడకు యుద్ధ బీమా ఓడ విలువలో ఒక శాతం దగ్గరికి పోయింది, అంతకు ముందు అందులో పదో వంతు కూడా లేదు.

తెలుగు అక్షరాలతో ఒక పూట పోయింది. అలవాటు కొద్దీ షాపులో వాడే పాత డీటీపీ ఫాంటులో టైపు చేసి అతికించాను, 'ఆగు' అన్నది ఏవో ఇంగ్లిషు గుర్తుల కుప్పగా వచ్చింది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావని పదేళ్లుగా కస్టమర్లకు చెప్పేవాణ్ని నేనే! యూనికోడ్‌లో కొడితే గోడో 4 ఒత్తులూ గుణింతాలూ సరిగ్గానే కూర్చింది. పాత వీడియో గేముల లాంటి గళ్ల ఫాంటు తెలుగులో చేద్దామన్న సరదా మాత్రం వదులుకున్నాను. ఎనిమిది గళ్ల ఎత్తులో 'లక్ష్మి' ఎట్లా పట్టిస్తారో తెలిసినవాళ్లు చెప్పండి. బోర్డులకు రామభద్ర అనే ఫాంటు పెట్టాను, లావుగా, దూరానికి కనిపించేలా ఉంటుంది.

అక్క కొడుకు చూసి మొహం మాడ్చుకున్నాడు. "కనీసం మన నేవీ అయినా కాల్చాలి గదా మామా." వాడి కోసం ఒకటి కలిపాను. 2024 జనవరి 26న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే నౌకకు క్షిపణి తగిలి మంటలు అంటుకుంటే, అందులో 22 మంది మనవాళ్లు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు, ఐఎన్ఎస్ విశాఖపట్నం పోయి మంటలార్పడానికి సాయం చేసింది. కాబట్టి ఆటలో నేవీ ఉంది, కాకపోతే చేతిలో నీళ్ల పైపు. ఒక దాచిపెట్టిన స్థాయి కూడా పెట్టాను. 1967 యుద్ధంలో సూయెజ్ మూతపడి 14 ఓడలు మధ్యలోని గ్రేట్ బిట్టర్ సరస్సులో ఇరుక్కుని 1975 దాకా ఉండిపోయాయి, నావికులు పొద్దుపోక సొంతంగా తపాలా బిళ్లలు కూడా చేసుకున్నారు. ఆ స్థాయిలో 'ఆగు' తప్ప బటన్ లేదు, బిళ్లలు గీసుకోవచ్చు.

జూన్ 12

ఇది ఆట పని కాదు, అయినా రాసుకోవాలి. ఈ నెల 7న పక్క రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఆర్డరు వేశారు, చెక్‌పోస్టుల్లో లారీలు ఆపుతున్నారు. నిన్న కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఇక్కడి రైతుకు రేటు లేదని ఆపడం, అక్కడి రైతు కాయ రోడ్డు మీద కుళ్లడం, రెండు వైపులా న్యాయం ఉన్నట్టే ఉంటుంది. నేను ఎక్కడో యెమెన్ దగ్గర ఒక ఇరుకు దారికి కోడు రాసుకుంటూ కూర్చుంటే, పలమనేరు అవతల ఇంకోటి తయారైంది. మ్యాపులో దాన్ని కూడా చుక్కగా పెట్టాను. అదే కోడు, ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

జూన్ 14

నిన్న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి చేసింది. ఇరాన్ పక్కనున్న ఇరుకు సముద్రదారి హోర్ముజ్, నా మ్యాపులో మామూలు నీలం నీళ్లు. రాత్రికి రాత్రి దాన్నీ జలసంధిగా మార్చాను, మన గుజ్జు గల్ఫ్‌కి కూడా పోతుంది కాబట్టి.

వార్తల వెనక పరుగెత్తే ఆట చేస్తున్నానా అని అనుమానం. ఇట్లా అయితే ఎప్పటికీ పూర్తి కాదు.

జూన్ 25

నిన్నటితో అక్కడ కాల్పులు ఆగాయి, పన్నెండు రోజులు. 22న ఇరాన్ పార్లమెంటు హోర్ముజ్ మూసేయాలని తీర్మానించింది, మూయలేదు. ఇదే నాకు అసలు దొరికిన ముక్క. మూయకపోయినా మూస్తామన్న మాట చాలు, బీమా వాళ్లు, రవాణా వాళ్లు, కొనేవాళ్లు అందరూ ఆ పూటకు లెక్కలు మార్చుకుంటారు. అందుకే 'బెదిరింపు' అని ఒక కొత్త రకం సంఘటన రాశాను. తెర మీద ఏమీ జరగదు, నీళ్లు నీలంగానే ఉంటాయి, ఖర్చు అంకె మాత్రం ఎక్కుతుంది. ఇప్పటిదాకా రాసిన కోడులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, పదిహేను లైన్లు కూడా లేదు.

జూన్ 29

దామలచెరువు దగ్గర పెద్దనాయన వాళ్లకు మూడెకరాల తోట. ఆదివారం పోయాను. ఫోన్ చేతికిచ్చి ఆడమన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చెన్నై నుంచి సూయెజ్ దాకా నడిపి, ఒకసారి నష్టపోయి, ఒకసారి లాభపడి, ఫోన్ మంచం మీద పెట్టేశాడు.

"బాగుండాది నాయనా. కానీ ఓడ పోతే ఓడోనికి ఇన్సూరెన్స్ వస్తాది. డ్రమ్ము రెండేండ్లు పెట్టుకున్నా చెడిపోదని నువ్వే చెప్తివి. కోసిన కాయ వారం ఉండదురా. దీంట్లో కాయ యాడుండాది?"

నా దగ్గర జవాబు లేదు. నెల రోజులు కూర్చుని, నష్టం ఎవరికి అందరికన్నా తక్కువో వాణ్ని హీరోని చేశాను.

తర్వాత ఆయనే చెప్పుకుంటూ పోయాడు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అంది, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ర్యాంపుల (వ్యాపారులు కాయ కొనే చోట్ల) దగ్గర ఆ 8 కూడా పలకడం లేదు. ఫ్యాక్టరీకి తోలాలంటే టోకెన్ కావాలి, టోకెన్ వచ్చినా గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా, ఒక రాత్రి, రెండు రాత్రులు. ట్రాక్టర్ బాడుగ రోజుకింత, కోత కూలి ముందే ఇచ్చేసి ఉంటారు. కింది కాయ నలిగి నీళ్లు కారుతుంటుంది. "యుద్ధం అంటావుండారు గేటు కాడ. యాడి యుద్ధమో, మా కాయకు తగిలింది."

తిరుపతికి బస్సులో వస్తూ లెక్క వేశాను. రెండు కిలోల కాయకు సుమారు కిలో గుజ్జు అనుకుంటే, ఒక కంటైనర్ నిండాలంటే 34 టన్నుల కాయ. అంటే తొమ్మిది పది ట్రాక్టర్లు. నేను ఒక చిన్న ఎర్ర చతురస్రంగా గీసిన కంటైనర్‌లో పది కుటుంబాల వేసవి ఉందన్నమాట.

జూలై 6

0.5. మ్యాపు తీసేశాను, నెల పని. ఇప్పుడు తెర మీద ఒక రోడ్డు, ట్రాక్టర్ల లైను, దూరంగా గేటు, గేటు మీద రేటు బోర్డు. మీరు ఒక ట్రాక్టర్. జలసంధులూ క్షిపణులూ బెదిరింపులూ అన్నీ లోపల నడుస్తూనే ఉన్నాయి, కానీ తెర కింద టీవీ స్క్రోలింగ్ లాగా ఒక వరుసలో పోతుంటాయి, అంతే. బటన్లు రెండు: ఆగు, ర్యాంపుకు తోలు. ఆగితే బోర్డు మీద రేటు పెరగొచ్చు, పడిపోవచ్చు, కాయ మాత్రం ప్రతి గంటకూ కొంచెం పసుపు తిరుగుతుంది. ఆ రంగు మార్పుకు మూడు రాత్రులు పట్టింది, మరీ అందంగా వస్తే బాధ అనిపించడం లేదు.

జూలై 10

మే 6న ఒమాన్ మధ్యవర్తిత్వంతో అమెరికాకూ హూతీలకూ ఒప్పందం కుదిరింది, ఈ ఏడాది మొదటి ఆరు నెలల్లో ఆ దారిలో వాణిజ్య నౌకల మీద దాడి లేదు. అందుకని బాబ్ ఎల్ మందెబ్ ప్రమాదాన్ని బాగా తగ్గించి పెట్టాను. కానీ ఈ నెల 6న మ్యాజిక్ సీస్ అనే ఓడ మీద దాడి, మునిగిపోయింది, 22 మందీ బతికారు. మర్నాడు ఎటర్నిటీ సీ, నిన్న అదీ మునిగింది, అందులో మాత్రం నావికులు చనిపోయారు.

అంకె మార్చాలి, మార్చాను. కానీ 0.3లో ఓడ మునిగే బొమ్మ ఒకటి గీసి ఉంచుకున్నాను, ఎక్కడైనా పనికొస్తుందని, దాన్ని తీసేశాను. నిన్న నీళ్లలో పడినవాళ్లను పాచిక వేసి తేల్చే సంఘటనగా రాయడానికి నాకు చేయి రాలేదు. అట్లా అనుకుంటే మొత్తం ఆటే చేయకూడదు గదా అని అక్క అంది. ఆమె మాటకు జవాబు ఆలోచిస్తున్నాను.

జూలై 14

ఫ్యాక్టరీ స్నేహితుడికి ఆడించాను. ఆడి నవ్వాడు. "నువ్వు మమ్మల్ని చాలా మంచోళ్లను చేసినావు."

వాడు చెప్పింది ఇది. నా ఆటలో రేటు పడటానికి ఒకటే కారణం, యుద్ధం. నిజంలో పోయినేటి నిల్వ ఉంది, ఈసారి కాపు ఎక్కువ, ఆర్డర్లు తక్కువ, వీటిలో ఎర్ర సముద్రం కూడా ఒకటి. "కానీ గేటు దగ్గర ఎవురన్నా అడిగితే అదొక్కటే చెప్తాం. సులువు గదా. రైతు గూడా టీవీలో చూసి ఉంటాడు, ఇంకేం అడగడు."

అంటే నేను యుద్ధాన్ని విమర్శించే ఆట అనుకుని, యుద్ధం పేరు చెప్పుకునేవాళ్లకు సాక్షిగా నిలబడ్డాను. రాత్రంతా కూర్చుని రేటు లెక్క మార్చాను. ఇప్పుడు మూడు అంకెలు: నిల్వ, కాపు, దారి. పది ఆటల్లో మూడింటిలో దారి పూర్తిగా తెరిచే ఉంటుంది, ఓడలు సూయెజ్ గుండా హాయిగా పోతుంటాయి, అయినా రేటు పడుతుంది. బోర్డు కింద 'కారణం: యుద్ధం' అన్న పట్టీ మాత్రం పదింటికి పది ఆటల్లోనూ ఉంటుంది. కింద స్క్రోలింగ్ మీద వేలు పెడితే ఆ రోజు దారి తెరిచి ఉందో లేదో కనిపిస్తుంది. ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు.

జూలై 20

పదకొండు మంది ఆడారు. స్క్రోలింగ్ మీద వేలు పెట్టినవాళ్లు ఇద్దరు, అందులో ఒకరు పొరపాటున. పెద్దనాయన పెట్టలేదు. ఆయన చూసింది ట్రాక్టర్‌నే. "టైరు చిన్నదిగా గీసినావు, ఇంత లోడుకు నిలవదు" అన్నాడు. పెద్దది చేశాను.

జూలై 27

0.7 ఫైలు అక్క కొడుకు వాడి స్కూలు గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఫిర్యాదులు. "బ్రో గేమ్ హ్యాంగ్ అయింది." "ట్రాక్టర్ కదలడం లేదు, అప్‌డేట్ ఇవ్వండి." "గేటు ఓపెన్ బటన్ ఎక్కడ?" ఒకడు వీడియో తీసి పంపాడు. హ్యాంగ్ కాలేదు, బాగానే నడుస్తోంది, లైను కదలడం లేదంతే. వీడియో మూలన కాయ పసుపు తిరగడం కూడా కనిపిస్తోంది.

లైను కాస్త వేగం పెంచుదామా అని ఒక గంట ఊగిసలాడాను. పెంచలేదు. బదులుగా మీ ముందు ఎన్ని ట్రాక్టర్లున్నాయో పైన మూలన ఒక అంకె పెట్టాను, 212 దగ్గర మొదలవుతుంది, కనీసం ఆట నడుస్తోందని తెలుస్తుంది. ఇప్పుడు హ్యాంగ్ అయిందని ఎవరూ అనడం లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తున్నారు.